పచ్చడా, పిప్పరమెంటా: ఇంట్లో గ్రాస్‌హాపర్ చేసిన డైరీ

నవంబర్ 22

అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో ఉన్న మూడేళ్లలో నాకు అంటుకున్న అలవాటు శుక్రవారం సప్పర్ క్లబ్బు. పేరులో క్లబ్బు ఉంది గానీ సభ్యత్వం, చందా లాంటివేమీ ఉండవు. విస్కాన్సిన్‌లో ఊరి బయట, చాలావరకు ఏదో ఒక చెరువు పక్కన, చెక్క గోడలతో మసక వెలుతురుతో ఉండే పాతకాలం హోటళ్లవి. శుక్రవారమంటే వేయించిన చేప. తిన్నాక ఐస్‌క్రీం వేసి మిక్సీలో కొట్టిన మందు. స్వీటూ అదే, మందూ అదే. బ్రాందీ అలెగ్జాండర్, పింక్ స్క్విరల్, గ్రాస్‌హాపర్ అని పేర్లు. గ్రాస్‌హాపర్ అంటే మిడత కదా, ఆ పేరు చూసే ఆర్డర్ చేశాను. లేత ఆకుపచ్చ రంగు, చిక్కదనం. నోట్లో పెట్టుకోగానే చాక్లెట్. మింగాక గొంతులో తలుపు తీసినట్టు చల్లగాలి.

హైదరాబాద్ వచ్చేసి నాలుగేళ్లయింది. నిన్న తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, థర్టీఫస్ట్ మీ ఇంట్లోనే" అని తేల్చేశాడు. అప్పటికి ఈ మిడతని పట్టుకోవాలని ఇవాళ నిర్ణయం.

దీని పుట్టిల్లు విస్కాన్సిన్ కాదు, న్యూ ఆర్లీన్స్. అక్కడ 1856లో మొదలైన టూజాగ్స్ అనే హోటలుంది. దాని యజమాని ఫిలిబర్ట్ గీషే న్యూయార్క్‌లో జరిగిన కాక్‌టెయిల్ పోటీకి దీన్ని కలిపి రెండో బహుమతి తెచ్చుకున్నాడని కథ. 1918 అని కొందరంటారు, 1919 అని కొందరు. వేళావిశేషం చూడండి, 1920 జనవరికల్లా అమెరికా అంతటా మద్యనిషేధం! అసలు పద్ధతిలో ఐస్‌క్రీం లేదు. ఆకుపచ్చ క్రెమ్ డి మెంత్ (మింట్ వాసన తీపి మందు), తెల్ల క్రెమ్ డి కకావో (కోకో వాసన తీపి మందు), పాల క్రీం, మూడూ సమపాళ్లు. ఐస్‌క్రీం పాడిరాష్ట్రమైన విస్కాన్సిన్ వాళ్లు తర్వాత కలుపుకున్నది.

సాయంత్రం మా వీధి చివర వైన్స్‌లో అడిగాను. కౌంటర్ అబ్బాయి నన్నొకసారి చూసి, వెనక్కి తిరిగి అరలన్నీ ఒకసారి చూసి, "అట్లాంటివి రావు మేడం" అన్నాడు. పెద్ద షాపుల్లో తిరిగితే మెంత్ దొరుకుతుందేమో గానీ రెండూ ఒక్కచోట దొరికేట్టు లేవు. సరే, రెండూ ఇంట్లోనే చేద్దాం. కాచేది లేదు కాబట్టి భయపడాల్సిందీ లేదు. కొన్న వోడ్కాలో నానబెట్టడం, వడగట్టడం, పాకం కలపడం, అంతే. ఒక ఫుల్ బాటిల్ తీసుకున్నాను. 750 మి.లీ.; మన దగ్గర అమ్మే చాలా వాటిలాగే 42.8 శాతం.

క్రెమ్ అన్న మాట చూసి ఆ సీసాల్లో పాలుంటాయనుకునేరు. చుక్క కూడా ఉండవు. ఐరోపాలో లీటరుకి కనీసం 250 గ్రాముల చక్కెర ఉంటేనే ఆ పేరు పెట్టుకోనిస్తారు. చిక్కటి తీపి అన్నమాట. నా లెక్క కూడా అక్కణ్ణుంచే మొదలు.

నవంబర్ 23

సీసాలో సగం, అంటే 375 మి.లీ., కోకోకి. పశ్చిమ గోదావరి గింజల నిబ్స్ 100 గ్రాములు తెప్పించాను. నిబ్స్ అంటే వేయించి పొట్టు తీసేసిన కోకో గింజల పలుకులే. బాణలిలో సన్నసెగ మీద ఇంకో నాలుగు నిమిషాలు వేయించి, చల్లారాక పాత హార్లిక్స్ సీసాలో వేసి వోడ్కా పోసి మూత బిగించాను.

అమ్మ తణుకు నుంచి వచ్చి వారమైంది. పాకెట్ వాసన చూసి, "ఇది మన తోటల్లోదే" అంది. కోకో పండించడంలో దేశంలో ఆంధ్రాదే మొదటి స్థానం. గోదావరి జిల్లాల్లో కొబ్బరి నీడన, పామాయిల్ నీడన వేస్తారు. కాయ కొట్టి తీసిన గింజల్ని వారం దాకా పులియబెడతారు. ఆ రోజుల్లో తోట పక్కనుంచి వెళ్తే ముక్కు మూసుకునేదాన్నని, అందులోంచి చాక్లెట్ ఎలా వస్తుందో తనకెప్పుడూ అర్థం కాలేదని చెప్పింది. పులియబెట్టకపోతే చాక్లెట్ వాసనకి పునాదే పడదు.

మిగతా వోడ్కాలోంచి 150 మి.లీ. తీసి, రైతుబజారు పుదీన ఒక కట్ట ఆకులు కడిగి, తుడిచి, కొంచెం నలిపి అందులో వేశాను. కాడలు వెయ్యలేదు, చేదొస్తాయని.

నవంబర్ 24

పుదీన తీసి వడగట్టాను. రాత్రి అందంగా ఉన్న ఆకుపచ్చ తెల్లారేసరికి చెరువు గట్టున కుళ్లిన ఆకుల నీళ్లలా తయారైంది. చెంచాతో రుచి చూశాను. ఏదో బాగా తెలిసిన రుచి. ఏదో పట్టుకోలేక అమ్మకి వాసన చూపించాను.

"ఇడ్లీలోకి చేసే పుదీన పచ్చడే కదే ఇది. ఉప్పు వెయ్యలేదంతే."

"మరి అక్కడ తాగినదాంట్లో చల్లగా ఉండేదమ్మా. నోరంతా."

"అది పుదీనెందుకవుతుంది, పిప్పరమెంటు. చిన్నప్పుడు తినలేదూ బిళ్లలు?"

నేను రాత్రి గంటన్నర కూర్చుని చదివితే తేలింది అదే. మనం వాడే పుదీన స్పియర్‌మింట్ జాతిది. దాని వాసన కార్వోన్ అనే పదార్థానిది. చల్లదనం మెంథాల్‌ది, అది పిప్పర్‌మింట్‌లో దండిగా ఉంటుంది, మన కట్టలో దాదాపు ఉండదు. పిప్పర్‌మింట్ అసలు ఒక సంకరం, స్పియర్‌మింట్‌కీ నీటి పుదీనకీ పుట్టిన బిడ్డ. మన భాష ఈ రెంటినీ ఎప్పుడో విడదీసి పెట్టుకుంది. కూరలోకి, బిర్యానీలోకి పుదీన. కిళ్లీ కొట్టు సీసాలోది పిప్పరమెంటు. రెంటికీ ఇంగ్లిష్‌లో మింట్ అనే ఒక్క మాట తలకెక్కించుకుని దారి తప్పింది నేనే.

ఇంకో సంగతి. మెంథాల్ నోటిని నిజంగా చల్లబరచదు. చలిని పసిగట్టే నరాల మీది గ్రాహకాన్ని మీట నొక్కినట్టు నొక్కుతుంది, మెదడు చల్లగా ఉందనుకుంటుంది. మిరపకాయ చేసే మోసం దీనికి సరిగ్గా ఎదురు. డేవిడ్ జూలియస్ మిరప ఘాటుతో వేడి గ్రాహకాన్ని కనిపెట్టాడు. మెంథాల్‌తో చలి గ్రాహకాన్ని ఆయనా, ఆర్డెమ్ పటాపూటియన్ ఎవరికి వారు కనిపెట్టారు. 2021 వైద్య నోబెల్ ఈ ఇద్దరికీ. గుంటూరు కారం, పిప్పరమెంటు బిళ్ల ఒకే బహుమతి పంచుకున్నట్టుంది నాకైతే.

నవంబర్ 29

అమ్మ సలహా: ఆయుర్వేదం కొట్లో పుదీన పువ్వు దొరుకుతుంది, అది వెయ్యి. పేరులో పుదీన ఉన్నా అది మెంథాల్ స్ఫటికాలు. వాము పువ్వు, కర్పూరం, ఇదీ కలిపి సీసాలో వేస్తే మూడు గట్టి వస్తువులూ చూస్తుండగానే కరిగి నీళ్లైపోతాయి, అదే అమృతధార. మా ఇంట్లో తలనొప్పికీ కడుపునొప్పికీ అదే ఉండేది. కానీ ఆ స్ఫటికాలు ఎంత శుద్ధమో, ఎంత వెయ్యాలో తెలియకుండా నలుగురు తాగేదాంట్లో వేసే ధైర్యం నాకు లేదు. కేకుల సామాన్లు అమ్మే కొట్లో, తినే పదార్థాల్లో వాడేదని సీసా మీద రాసి ఉన్న పిప్పరమెంటు నూనె తెచ్చాను.

రెండో ప్రయత్నం. ఈసారి రంగు కోసం ఆకుల్ని మరుగుతున్న నీళ్లలో పదిహేను సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేశాను. ఆకుని నల్లబరిచే ఎంజైములు ఆ వేడికి చస్తాయి. వాసన కొంత పోతుంది, పోనీ. ఆకుల్లో నీళ్లు పిండేసి, మిగిలిన 225 మి.లీ. వోడ్కాలో వేసి, సీసాకి పాత చున్నీ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. వెలుతురు తగిలితే రంగు పోతుంది. ఎనిమిది గంటలు చాలు, రాత్రంతా వదలకూడదు.

రాత్రి పది. వడగట్టాను. పచ్చగానే ఉంది! 110 గ్రాముల చక్కెర, 80 మి.లీ. నీళ్లు వేడిచేసి చల్లార్చిన పాకం కలిపితే 375 మి.లీ. అయింది. మద్యం పాతిక శాతం పైచిలుకు, చక్కెర లీటరుకి 290 గ్రాముల లెక్కన. ఆ నూనెని నేరుగా వెయ్యడం పిచ్చితనం. ఒక చుక్కని చెంచాడు వోడ్కాలో కలిపి (నూనె నీళ్లలో కరగదు, మందులో కరుగుతుంది) కొంచెం కొంచెంగా వేస్తూ రుచి చూస్తూ పోయాను. మొత్తం సీసాకి రెండు చుక్కలు పట్టాయి. మూడోది వేసి ఉంటే పళ్లు తోముకున్నట్టు ఉండేది.

డిసెంబర్ 1

కోకో వడగట్టాను. ఎనిమిది రోజులు. పలుకులు వోడ్కాని బాగానే తాగేశాయి, చేతికొచ్చింది 310 మి.లీ. వాసన మాత్రం అద్భుతం. రంగు ఫిల్టర్ కాఫీ డికాక్షన్.

ఇక్కడే దెబ్బతిన్నాను. రెండు చెంచాల ఆకుపచ్చది, రెండు చెంచాల ఇదీ, కొంచెం క్రీం కలిపి చూశాను. వానాకాలం గోదారి. మిడత రంగు రావాలంటే కకావో తెల్లగా ఉండాలి. కంపెనీలవాళ్లు కోకో నానబెట్టిన మందుని బట్టీ పట్టి ఆవిరిని చల్లబరుస్తారు కాబట్టి వాసన వచ్చి రంగు అడుగున ఉండిపోతుంది. ఇంట్లో బట్టీ పెట్టడం నేరం, ప్రమాదం కూడా. మా ఆయన కళ్లు మూసుకుని తాగమన్నాడు. ఆయన పరిష్కారాలన్నీ ఇలాగే ఉంటాయి.

డిసెంబర్ 6

దారి దొరికింది, అది కూడా పాలల్లోనే. మందులో నిమ్మరసం వేసి పాలల్లో పోస్తే పాలు విరుగుతాయి. ఆ విరుగుడు వగరునీ రంగునీ తనకి అంటించుకుంటుంది. వడగడితే కిందికి తేట దిగుతుంది. పాత పద్ధతే, 1763లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇలాంటి మిల్క్ పంచ్ తయారీ రాసి ఒక స్నేహితుడికి పంపాడు. పన్నీరు చెయ్యడం వచ్చినవాళ్లకి ఇది కొత్త పనేం కాదు. మనం పారబోసే నీళ్లు ఇక్కడ కావాలి, అంతే తేడా.

100 మి.లీ. కోకో వోడ్కాలో నిమ్మకాయ అరచెక్క పిండి, పాతిక మి.లీ. పాలల్లోకి పోశాను. (పాలని మందులో పొయ్యకూడదు, మందునే పాలల్లో పొయ్యాలి, లేకపోతే విరుగుడు ఇసకలా వచ్చి సరిగ్గా వడకట్టబడదు.) కాఫీ ఫిల్టర్ పేపరులో మూడు గంటలు. తేనె రంగు తేట! ఆనందం ఆపుకోలేక వెంటనే క్రీంతో కలిపాను. గ్లాసులోనే విరిగింది. పైన తెల్ల ముక్కలు, కింద పచ్చ నీళ్లు.

అరచెక్క నిమ్మరసం మరి. విరగ్గొట్టాల్సింది ఒక్కసారే.

డిసెంబర్ 7

మిగిలిన 210 మి.లీ.తో రెండోసారి, ఇదీ పోతే మళ్లీ నిబ్స్ దగ్గరికి. పాలు 50 మి.లీ., చిక్కటివి. నిమ్మరసం చుక్కలు లెక్కపెట్టి ఎనిమిది. అర నిమిషం ఏమీ కాలేదు, గుండె జారింది. తర్వాత మెల్లగా తెట్టెలు కట్టింది. పేపరులోంచి మొదట దిగిన మబ్బు నీళ్లని మళ్లీ ఆ విరుగుడు మీదే పోశాను. ఆ విరుగుడు పొరే అసలు జల్లెడ. రెండో దఫా తేటగా దిగింది. 225 మి.లీ. అలా దిగడానికి నాలుగు గంటలు పట్టింది. తొందరపడి పిండితే మబ్బంతా మళ్లీ కిందికొస్తుంది.

90 గ్రాముల చక్కెర, 60 మి.లీ. నీళ్ల పాకం, ఒక చెంచా వెనిలా. మొత్తం 340 మి.లీ. లేత టీ రంగు. చాక్లెట్ వాసన కొంచెం తగ్గిన మాట నిజం, వగరు మాత్రం పూర్తిగా పోయింది. పాలు ఒక చెంచాడు పోసి పది నిమిషాలు కాపలా కాశాను. విరగలేదు.

డిసెంబర్ 13

క్రీం బదులు ఇంట్లో తీసిన మీగడ వాడదామనిపించింది. వారం మీగడ ఫ్రిజ్‌లో గిన్నెడు ఉంది, బజారు క్రీం ఎందుకు? మూడూ 30 మి.లీ. చొప్పున తమ్ముడి జిమ్ షేకర్‌లో ఐసుతో వేసి బలంగా ఊపాను. మూత తీస్తే గ్లాసు నిండా వెన్న పలుకులు.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తిరగను కూడా తిరగలేదు. "మీగడ చిలికితే వెన్న రాక ఇంకేం వస్తుంది?"

డిసెంబర్ 14

పాకెట్ క్రీం, 25 శాతం కొవ్వు ఉండేది. మిగతాదంతా నిన్నటిలాగే. పదిహేను సెకన్లు ఊపి టీ వడపోసే జల్లెడలోంచి గ్లాసులోకి వంచాను. నునుపుగా వచ్చింది, పైన సన్నటి నురగ. రంగు చూసి అమ్మ "పెసరట్టు పిండి" అంది. నాకు కోపం రావాలి గానీ రాలేదు. నిజంగా అదే రంగు, నానిన పెసలు రుబ్బితే వచ్చే లేతపచ్చ. సప్పర్ క్లబ్బులో వచ్చేది ఇంకా మెరిసేది, కానీ అది సీసాలో పోసిన రంగు.

రుచి? చాక్లెట్ వెనకబడింది. పుదీన ముందు కూర్చుంది. తీపి ఎక్కువ. చల్లదనం మాత్రం అచ్చంగా మిల్వాకీ. కిటికీ దగ్గర నిలబడి మొత్తం తాగేశాను.

డిసెంబర్ 20

సమపాళ్లు అన్న సూత్రం కంపెనీ సీసాలకి. ఇంటి సరుకుకి మార్చుకోక తప్పదు. పుదీనది 25, కోకోది 30, క్రీం 40 మి.లీ. వేళ్ల మధ్య పట్టేంత ఉప్పు కూడా వేశాను, ఉప్పు పడ్డాక చాక్లెట్ ముందుకొచ్చింది. పైన నల్ల చాక్లెట్ తురుము. ఇక దీన్ని కదిలించను. గ్లాసులు ముందే ఫ్రీజర్‌లో పెట్టాలని గోడ కాలెండర్ మీద రాసుకున్నాను.

ఈలోగా పనమ్మాయి ఫ్రిజ్‌లో పచ్చ సీసా చూసి, "అక్కా, ఈ పుదీన నీళ్లు పానీపూరీకా?" అని అడిగింది. సీసా మీద కాగితం అంటించాను.

డిసెంబర్ 31

తొమ్మిదిన్నరకి భోజనాలు. విస్కాన్సిన్ సంప్రదాయం పాటించి చేప వేపుడు. కొరమీను అనుకోండి. తర్వాత మొదటి విడత పాత పద్ధతిలో, ఐస్‌క్రీం లేకుండా, నలుగురికి నాలుగు. మరదలు రెండు గుక్కలు తాగి ఆగి, "వదినా, ఇది మందా?" అంది. ఇదే దీంతో వచ్చే చిక్కు, మందులా అనిపించదు. నా లెక్క ప్రకారం ఐసు కరిగాక కూడా 12, 13 శాతం ఉంటుంది, అంటే వైన్‌తో సమానం. ఆ మాట గట్టిగానే చెప్పాను, రెండుతో ఆపాలని కూడా. తమ్ముడు బండి తాళాలు అమ్మకి ఇచ్చేశాడు.

రెండో విడత సప్పర్ క్లబ్బు పద్ధతి: వెనిలా ఐస్‌క్రీం గ్లాసుకి రెండు గరిటెలు, క్రీం మానేసి మిక్సీలో. మిక్సీలో అరనిమిషానికే ఐస్‌క్రీం కరిగి పల్చబడింది. పది సెకన్లు చాలు. రంగు ఇంకా లేతైపోయి పిస్తా కుల్ఫీలా ఉంది. మా ఆయనకి ఇదే నచ్చింది. తమ్ముడికి మొదటిదే. నాకూ మొదటిదే, ఆశ్చర్యంగా. మూడేళ్లు ఐస్‌క్రీందే తాగి అదే అసలు అనుకున్నాను.

అమ్మకి మందు లేకుండా ఐస్‌క్రీం, పాలు, కోకో పొడి, పలచన చేసిన పిప్పరమెంటు నూనె చెంచా మొనతో. సగం తాగి, "బిళ్ల చప్పరిస్తూ పాలు తాగినట్టుంది" అంది. గ్లాసు మాత్రం ఖాళీ చేసింది.

జనవరి 4

మిగులు: ఆకుపచ్చది 90 మి.లీ. ఉండొచ్చు. కోకోది అడుగున ఒక చెంచా. పచ్చది నాలుగు వారాలు దాటేసరికి అంచుల్లో గోధుమరంగు తిరుగుతోంది, వాసన బాగానే ఉంది. ఈసారి పుదీన పదిహేను రోజుల ముందు చేస్తే చాలు, కోకో మాత్రం ముందే మొదలుపెట్టాలి. నిబ్స్ 100కి బదులు 130 గ్రాములు వేస్తాను, పాలతో తేటపరిచేటప్పుడు పోయే వాసన కలిసొచ్చేలా.

అమ్మని ఇవాళ బస్సెక్కించాను. దిగగానే ఫోన్ చేసింది. పక్క తోట వాళ్లనడిగిందట, ఎండిన గింజలు రెండు కిలోలు సంక్రాంతికి తీసిపెడతారట. "వేయించుకోవడం, పొట్టు తీసుకోవడం నీ పని. నాకు ఆ వాసన పడదు" అంది.